మొదటి దశ ఇరవైసార్లు ఎగురుతున్నా ఫాల్కన్ 9 ప్రయోగ ధర ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న — నింగిబాట

అందరికీ నమస్కారం. స్పేస్ఎక్స్ సంస్థ తన ఫాల్కన్ 9 రాకెట్ మొదటి దశను కిందికి దించి మళ్ళీ మళ్ళీ వాడుకుంటున్న సంగతి ఇక్కడున్న వారందరికీ తెలిసిందే. 2015 డిసెంబరులో కేప్ కెనావెరల్‌లో ఒక బూస్టర్ (మొదటి దశకు మరో పేరు) తొలిసారి క్షేమంగా నేలమీద దిగింది. 2017 మార్చిలో, అంతకుముందు ఒకసారి ఎగిరి దిగిన బూస్టర్ ఎస్ఈఎస్-10 ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది. ఇప్పుడు ఒకే బూస్టర్ ఇరవైసార్లకు మించి ఎగరడం కూడా మామూలు వార్త అయిపోయింది.

నాకు అర్థం కానిది దీని వెనుక ఉన్న లెక్క. రాకెట్ ఖర్చులో దాదాపు 60 శాతం మొదటి దశదేనని ఆ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ పలుమార్లు చెప్పారు. అదే నిజమైతే ఇరవైసార్లు వాడిన తరువాత ఆ 60 శాతం దాదాపు లేనట్టే కావాలి, ప్రయోగ ధర కూడా కనీసం సగానికి పడిపోవాలి. కానీ 2016లో ఆ సంస్థ బహిరంగంగా ప్రకటించిన ధర 6.2 కోట్ల డాలర్లు ఉండగా, 2022లో దాన్ని 6.7 కోట్ల డాలర్లకు పెంచారు. పైగా కిందికి దిగడం కోసం ఇంధనం దాచుకోవాలి కాబట్టి మోయగలిగే బరువు కూడా తగ్గుతుందంటారు. అలాంటప్పుడు పారాచూట్లతో దించుకుంటే ఆ ఇంధనమైనా మిగిలేది కదా? ఇంత శ్రమపడి దించుకోవడం వల్ల నిజంగా ఆదా అవుతోందా, అవుతుంటే ఆ ఆదా ఎటు పోతోంది? అంకెలతో వివరించగలిగిన వారు చెబితే కృతజ్ఞుడిని.


జవాబు — ద్రవఇంధనం

నింగిబాట గారూ, మీ ప్రశ్నలో ధర సంగతి నాకన్నా బాగా తెలిసిన వారు ఇక్కడ ఉన్నారు కాబట్టి దాన్ని వారికి వదిలి, పారాచూట్ల గురించి, ఇంధనం గురించి చెబుతాను.

పారాచూట్ల ఆలోచన స్పేస్ఎక్స్‌కు రాకపోలేదు. 2010లో ఎగిరిన తొలి ఫాల్కన్ 9 రాకెట్లలో పారాచూట్లు అమర్చారు. అవి విచ్చుకునే దాకా కూడా రాకుండానే ఆ బూస్టర్లు వాతావరణంలోకి తిరిగి వస్తూ ముక్కలైపోయాయి. మొదటి దశ విడిపోయేది ప్రయోగం మొదలైన రెండున్నర నిమిషాలకు, భూమికి సుమారు 65-70 కిలోమీటర్ల ఎత్తున. అప్పటికి దాని వేగం సెకనుకు రెండు కిలోమీటర్లు దాటి ఉంటుంది. విడిపోయిన తరువాత కూడా అది ఆ ఊపులో ఇంకా పైకి పోయి, అక్కడినుంచి దట్టమైన గాలిలోకి పడుతుంది. పలుచటి అల్యూమినియం మిశ్రమలోహపు తొట్టి, అందులోనూ ఖాళీది, ఆ వేడినీ ఒత్తిడినీ తట్టుకోలేదు. కాబట్టి ముందు తగ్గించవలసింది వేగాన్ని. గాలి దట్టంగా లేనిచోట వేగాన్ని తగ్గించగలిగేది ఇంజన్ ఒక్కటే.

అందుకే ఇప్పటి పద్ధతిలో మూడు సందర్భాల్లో ఇంజన్లను మళ్ళీ మండించవచ్చు. బయలుదేరిన తీరానికే తిరిగి రావాలంటే, విడిపోయిన వెంటనే బూస్టర్ నత్రజని వాయువును చిమ్ముతూ వెనక్కి తిరిగి, తన వేగాన్ని తీరం వైపు మళ్ళించుకోవాలి. దీనికే ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది. సముద్రంలో కొన్ని వందల కిలోమీటర్ల దూరాన మనుషులు లేని డ్రోన్ షిప్ అనే ఓడ మీద దిగితే ఈ మళ్ళింపు అవసరం ఉండదు, ఇంధనం మిగులుతుంది. బరువైన ఉపగ్రహాలున్నప్పుడు ఓడనే ఎంచుకోవడానికి కారణం ఇదే. తరువాత దట్టమైన గాలిలోకి ప్రవేశించే ముందు మూడు ఇంజన్లు కొద్ది సెకన్లపాటు మండి వేగాన్ని తగ్గిస్తాయి. అక్కడినుంచి పైభాగంలోని నాలుగు జాలీ రెక్కలు గాలిలో అటూ ఇటూ తిరుగుతూ బూస్టర్‌ను గురిమీద నిలుపుతాయి. మొదట్లో వీటిని అల్యూమినియంతో చేసేవారు, అవి వేడికి అంచులు కాలి దెబ్బతినేవి. 2017 నుంచి టైటానియంతో చేసినవి వచ్చాక వాటిని మార్చే పని తప్పింది.

చివరి ఘట్టం అన్నిటికన్నా సున్నితమైనది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కూడా. బూస్టర్‌లో తొమ్మిది మెర్లిన్ ఇంజన్లు ఉంటాయి. దిగేటప్పుడు సాధారణంగా మండేది మధ్యలోని ఒక్కటే. ఆ ఒక్కదాన్ని వీలైనంత తగ్గించి మండించినా, దాని థ్రస్ట్, అంటే పైకి నెట్టే బలం, దాదాపు ఖాళీ అయిన బూస్టర్ బరువుకన్నా ఎక్కువే ఉంటుంది. అంటే గాలిలో నిలకడగా నిలబడి, చూసుకుని, నెమ్మదిగా దిగే అవకాశం ఈ రాకెట్‌కు లేదు. వేగం సున్నా అయిన క్షణమే కాళ్ళు నేలను తాకాలి. ఒక సెకను ముందుగా సున్నా అయితే అది మళ్ళీ పైకి లేస్తుంది, ఆలస్యమైతే గుద్దుకుంటుంది. ఇంజన్‌ను ఏ ఎత్తులో వెలిగించాలో కంప్యూటర్ గాలిని, మిగిలిన ఇంధనపు బరువును బట్టి అప్పటికప్పుడు లెక్కకడుతుంది.

ఆ వెలిగించడం కూడా తేలికైన సంగతి కాదు. ట్రైఇథైల్ అల్యూమినియం, ట్రైఇథైల్ బోరేన్ అనే రెండు రసాయనాల మిశ్రమం ఆక్సిజన్ తగలగానే దానంతట అదే మండుతుంది. ఇంజన్ వెలిగే క్షణంలో కనిపించే పచ్చటి మెరుపు దానిదే. 2018 ఫిబ్రవరిలో, మూడు బూస్టర్లను జతచేసిన ఫాల్కన్ హెవీ రాకెట్ తొలి ప్రయోగంలో మధ్య బూస్టర్‌కు ఈ మిశ్రమం సరిపోక, మూడు ఇంజన్లు వెలగవలసిన చోట ఒక్కటే వెలిగింది. ఆ బూస్టర్ గంటకు సుమారు 480 కిలోమీటర్ల వేగంతో ఓడ పక్కనే సముద్రంలో పడిపోయింది. మిగిలిన రెండు బూస్టర్లు అదే రోజు పక్కపక్కనే చక్కగా దిగాయి.

ఇక బరువు తగ్గడం. సంస్థ ప్రకటించిన అంకెల ప్రకారం బూస్టర్‌ను వదులుకుంటే ఫాల్కన్ 9 భూసమీప కక్ష్యకు 22.8 టన్నులు మోయగలదు. ఓడమీద దించుకునే ప్రయోగాల్లో స్టార్‌లింక్ ఉపగ్రహాలు (స్పేస్ఎక్స్ సొంత ఇంటర్నెట్ సేవవి) 17 టన్నులకు పైగా తీసుకెళ్ళారు. అంటే నష్టం దాదాపు నాలుగో వంతు. భూస్థిర కక్ష్యకు చేర్చే మధ్యంతర కక్ష్యకైతే 8.3 టన్నులు కాస్తా 5.5 టన్నులవుతుంది, అది మూడో వంతు. తక్కువ నష్టమేమీ కాదు. కానీ చాలా ఉపగ్రహాలు ఈ పరిమితికి లోపలే ఉంటాయి కాబట్టి, వాడని సామర్థ్యాన్నే దిగడానికి ఖర్చుపెట్టినట్టవుతుంది.


జవాబు — లెక్కలపుస్తకం

ద్రవఇంధనం గారు ఇచ్చిన బరువు అంకెలను వాడుకుంటూ ధర సంగతి చెబుతాను.

కొత్త రాకెట్ ఖర్చును 100 అనుకుందాం. మస్క్ చెప్పిన వాటాల ప్రకారం మొదటి దశ 60, రెండో దశ 20, ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణకవచం 10, ప్రయోగ నిర్వహణ 10. బూస్టర్ రెండుసార్లు ఎగిరితే ఒక్కో ప్రయోగానికి దాని వాటా 60 నుంచి 30కి వస్తుంది, ఆదా 30. పదిసార్లు ఎగిరితే వాటా 6, అంటే మరో 24 ఆదా. అక్కడినుంచి ఇరవైసార్లకు తీసుకెళితే వాటా 3 అవుతుంది, కొత్తగా వచ్చిన ఆదా 3 మాత్రమే. మీరు అబ్బురపడుతున్న ఆ ఇరవైలో చివరి పది ప్రయోగాలు ఒక్కోదాని ఖర్చును తగ్గించింది చాలా కొద్దిగా. వాటివల్ల అసలు లాభం వేరే ఉంది: కర్మాగారంలో కొత్త బూస్టర్లు కొద్దిగానే తయారుచేస్తూ, ఏడాదికి వందకు దగ్గరగా ప్రయోగాలు చేయగలగడం.

ఇప్పుడు తగ్గని వాటిని చూడండి. రెండో దశ ప్రతిసారీ కొత్తది, అది 20. నిర్వహణ 10. ఉష్ణకవచపు రెండు సగాలను కూడా సముద్రంనుంచి తీసుకొచ్చి వాడుతున్నారు, దానికి 2 వేద్దాం. బూస్టర్‌ను తిరిగి సిద్ధం చేయడానికి, ఓడలకు కలిపి 6 వేద్దాం; ఈ రెండు అంకెలు నా ఊహ, లెక్క నడవడానికి మాత్రమే. బూస్టర్ వాటా 3తో కలిపితే మొత్తం 41. మోసే బరువు నాలుగో వంతు తగ్గింది కాబట్టి కిలోకు ఎంత పడుతుందో తెలియాలంటే 41ని 0.75తో భాగించాలి: సుమారు 55. ఇది పెద్ద ఆదాయే, కానీ ఇరవైలో ఒకటో వంతుకు ఆమడ దూరంలో ఉంది. బూస్టర్‌ను ఎన్నిసార్లు ఎగరేసినా, రెండో దశను పారేసినంతకాలం ఖర్చు అంతకన్నా కిందికి పెద్దగా దిగదు.

ఈ లెక్కలో నిపుణుల మధ్యే భేదం ఉండేది. పోటీ రాకెట్ సంస్థ యునైటెడ్ లాంచ్ అలయన్స్‌కు అప్పట్లో అధిపతిగా ఉన్న టోరీ బ్రూనో, బూస్టర్లన్నీ సగటున పదిసార్లు ఎగిరితే తప్ప గిట్టుబాటు కాదని 2020లో అన్నారు. అదే ఏడాది మస్క్, రెండోసారికి సరిసమానం, మూడోసారికి లాభమేనన్నారు. నా ఉద్దేశంలో తేడా అంతా ఏటా ఎన్ని ప్రయోగాలు ఉంటాయన్న అంచనాలో ఉంది. కర్మాగారం, ఉద్యోగుల జీతాలు, ప్రయోగ వేదికలు, ఓడలు వంటి స్థిర వ్యయాలు ఏడాదికి పది ప్రయోగాల మీద పడితే ఒక రకంగా ఉంటాయి, వంద మీద పడితే మరో రకంగా ఉంటాయి. 2023లో ఫాల్కన్ కుటుంబపు రాకెట్లు 96సార్లు ఎగిరాయి. అందులో సగానికి పైగా సంస్థ సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాల కోసమే. బయటి గిరాకీ ఒక్కటే ఉండి ఉంటే అంత వేగం సాధ్యమయ్యేది కాదు.

ఇక ఆదా ఎటు పోయిందన్న మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, ఖర్చు తగ్గినంత మాత్రాన ధర తగ్గించవలసిన అవసరం ఏ వ్యాపారికీ ఉండదు. అదే పనిని అంతకన్నా చౌకగా చేసిపెట్టే పోటీదారు ఉన్నప్పుడే ధర దిగివస్తుంది. 2022 నుంచి పాశ్చాత్య దేశాల సంస్థలకు రష్యా సోయజ్ రాకెట్లు అందుబాటులో లేకుండా పోయాయి. ఐరోపా ఏరియన్ 5 చివరిసారి ఎగిరింది 2023 జులైలో. దాని స్థానంలో రావలసిన ఏరియన్ 6 తొలిసారి ఎగిరింది 2024 జులైలో. మధ్యలో ఏడాదిపాటు ఆ దారి కూడా మూసుకుపోయింది. 2022లో ధర పెంచినప్పుడు చూపిన కారణం ద్రవ్యోల్బణం; తరువాత పోటీ లేని ఆ కాలంలో దాన్ని తగ్గించవలసిన అవసరం రాలేదు. మిగులు స్టార్‌లింక్‌కు, తరువాతి తరపు భారీ రాకెట్ అయిన స్టార్‌షిప్ అభివృద్ధికి వెళ్ళిందని అనుకోవడానికి బలమైన ఆధారం సంస్థ చేస్తున్న పనుల్లోనే కనిపిస్తుంది.

అయితే ధర ఎవరికీ తగ్గలేదనడం సరికాదు. చిన్న ఉపగ్రహాలవారికి బాగా తగ్గింది. పలువురి ఉపగ్రహాలను ఒకే రాకెట్‌లో కలిపి పంపే పథకానికి 2019లో 200 కిలోల వరకు 10 లక్షల డాలర్లని ప్రకటించారు. 2021 జనవరిలో ఆ పథకంలో మొదటిదైన ట్రాన్స్‌పోర్టర్-1 ఒకేసారి 143 ఉపగ్రహాలను తీసుకెళ్ళింది. ఒక విశ్వవిద్యాలయమో, కొత్తగా పెట్టిన చిన్న సంస్థో సొంత ఉపగ్రహాన్ని పంపాలని ఆలోచించగలుగుతోందంటే అందుకు ఈ పథకం కూడా ఒక కారణం. మీరు వెతుకుతున్న ఆదాలో కొంత భాగం అక్కడికి చేరింది.


జవాబు — పాతకక్ష్య

పైన ఇద్దరు చెప్పినవాటితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క ముఖ్యమైన ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోనూ రాలేదు: దిగడం నేర్చుకోవడానికి అయిన ఖర్చు.

ఆ నేర్చుకోవడం ఎలా జరిగిందో గమనించాలి. టెక్సస్‌లోని మెక్‌గ్రెగర్‌లో 2012, 2013లలో గ్రాస్‌హాపర్ అనే పరీక్షా వాహనాన్ని కొంత ఎత్తుకు లేపి దించడం సొంత డబ్బుతో చేసిన పని. కానీ అంతరిక్షపు అంచునుంచి తిరిగి రావడాన్ని పరీక్షించడానికి వారు ప్రత్యేకంగా రాకెట్లు కట్టలేదు. ఖాతాదారు డబ్బు చెల్లించిన ప్రయోగంలో, ఖాతాదారు పని పూర్తయి మొదటి దశ విడిపోయాక, ఎటూ సముద్రం పాలు కావలసిన ఆ బూస్టర్ మీదనే ప్రయోగాలు చేశారు. 2013 సెప్టెంబరులో వాతావరణ ప్రవేశం సఫలమైంది, కానీ బూస్టర్ గిరగిరా తిరగడంతో ఇంధనం తొట్టి గోడలకు అంటుకుపోయి చివరి ఇంజన్‌కు అందలేదు. 2015 జనవరిలో ఓడ దాకా వచ్చాక జాలీ రెక్కలను తిప్పే హైడ్రాలిక్ ద్రవం అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంజన్‌కు ఇంధనాన్ని నియంత్రించే కవాటం మొరాయించి, ఓడను తాకిన బూస్టర్ పక్కకు ఒరిగిపోయింది. 2016 జనవరిలో ఒక కాలు బిగుసుకోక కూలిపోయింది. ఈ వైఫల్యాల్లో ఏదీ ఖాతాదారు ఉపగ్రహానికి గానీ సరుకుకు గానీ నష్టం కలిగించలేదు. ఇంత చౌకగా ఇన్నిసార్లు విఫలమయ్యే వీలు దొరకడమే ఈ కథలో అసలైన మలుపని నేను నమ్ముతాను.

ఆ ఖాతాదారుల్లో ముఖ్యమైనది ప్రభుత్వమేనన్న సంగతినీ మరువకూడదు. స్పేస్ఎక్స్ తొలి రాకెట్ ఫాల్కన్ 1 మూడుసార్లు విఫలమై, 2008 సెప్టెంబరు 28న నాలుగో ప్రయత్నంలో కక్ష్యను చేరింది. అదే ఏడాది డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పన్నెండు సరుకు ప్రయాణాల కోసం నాసా 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. నేను పైన చెప్పిన 2015 నాటి రెండు ప్రయత్నాలూ ఆ సరుకు ప్రయాణాల్లోనే జరిగాయి. కాబట్టి దీన్ని కేవలం ప్రైవేటు పెట్టుబడి సాధించిన విజయంగా చెప్పడం చరిత్రకు న్యాయం చేయదు.

అంతరిక్ష నౌకను మళ్ళీ వాడినంత మాత్రాన ఆదా వస్తుందనుకుంటే స్పేస్ షటిల్‌ను గుర్తు చేసుకోవాలి. 1981 నుంచి 2011 వరకు అది 135సార్లు ఎగిరింది. ఒక్కో నౌకకు ఇరవై వేలకు పైగా ఉష్ణరక్షక పలకలు ఉండేవి, దిగిన ప్రతిసారీ వాటిని పరిశీలించాలి, ఇంజన్లను విప్పి చూడాలి. అత్యధికంగా ఎగిరిన 1985లోనే తొమ్మిది ప్రయాణాలు. లెక్కలపుస్తకం గారు చెప్పిన స్థిర వ్యయాలు ఆ తొమ్మిది మీదే పడ్డాయి.


నింగిబాట

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పది నుంచి ఇరవైకి వెళ్ళినా ఆదా మూడే అన్న లెక్క చూశాక నా తికమక తీరింది. అయితే ఇప్పుడు అందరి చూపూ ఆ రెండో దశ 20 మీదే పడాలి కదా? దాన్ని కూడా ఇలాగే దించుకోకపోవడానికి కారణమేమిటి? ఇతర సంస్థలు ఆ పని చేస్తున్నాయా?


జవాబు — ద్రవఇంధనం

కారణాలు రెండు. మొదటిది బరువు. మొదటి దశకు కాళ్ళు, రెక్కలు, మిగులు ఇంధనం కలిపి కొన్ని కిలోలు పెంచితే ఉపగ్రహం బరువులో తగ్గవలసింది ఒక కిలో. కానీ రెండో దశ ఉపగ్రహంతో పాటు కక్ష్య దాకా వెళుతుంది కాబట్టి దానిలో ఒక కిలో పెరిగితే ఉపగ్రహంలో సరిగ్గా ఒక కిలో తగ్గాలి. రెండోది వేగం. కక్ష్యలో అది సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు, మొదటి దశ విడిపోయేటప్పటి వేగానికి మూడు రెట్లకు పైన. శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వదిలించుకోవలసిన శక్తి ప్రతి కిలోకు పదకొండు రెట్లకు దగ్గరగా ఉంటుంది. తిరిగి వచ్చేటప్పటి ఆ వేడిని తట్టుకునే కవచం, రెక్కలు, కాళ్ళు పెడితే ఫాల్కన్ 9 పరిమాణంలోని రాకెట్‌కు మోయడానికి మిగిలేది చాలా తక్కువ. అందుకే 2018లో ఆ ఆలోచనను వదులుకుని స్టార్‌షిప్ వైపు మళ్ళారు.

అక్కడ మొదటి దశ పని బాగానే ముందుకు సాగింది: 33 ఇంజన్ల సూపర్ హెవీ బూస్టర్‌ను 2024 అక్టోబరులో ప్రయోగ వేదిక టవర్ చేతులతోనే పట్టుకున్నారు, 2025 మేలో అలా తిరిగొచ్చిన బూస్టర్‌ను మళ్ళీ ఎగరేశారు. కష్టమంతా పైదశ దగ్గరే. 2024 జూన్ ప్రయోగంలో దాని ముందు రెక్క ఒకటి మడత దగ్గర ఎర్రగా కాలి, లోహం ముక్కలు ముక్కలుగా ఎగిరిపోతుండటం ప్రత్యక్ష ప్రసారంలో కనిపించింది. అయినా ఆ మిగిలిన రెక్కతోనే నౌక అదుపు తప్పకుండా హిందూ మహాసముద్రంలో దిగింది. దిగడం వేరు, కవచాన్ని ప్రతిసారీ బాగుచేసుకోకుండా మళ్ళీ ఎగరడం వేరు. పాతకక్ష్య గారు షటిల్ గురించి చెప్పిన ఇబ్బంది ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది.

ఇతర సంస్థల దారులు వేరుగా ఉన్నాయి. బ్లూ ఆరిజిన్ తన న్యూ గ్లెన్‌లో మొదటి దశను మాత్రమే తిరిగి వాడుకోవాలని నిర్ణయించుకుంది. 2025 నవంబరులో రెండో ప్రయోగంలోనే దాన్ని ఓడమీద దించగలిగింది. రాకెట్ ల్యాబ్ రూపొందిస్తున్న న్యూట్రాన్ ఆలోచన నాకు మరింత ఆసక్తికరంగా తోస్తుంది. అందులో ఉపగ్రహాన్ని కప్పి ఉంచే ఉష్ణకవచం మొదటి దశకే అతుక్కుని ఉండి, తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. రెండో దశ దాని కడుపులో వేలాడుతూ ఉంటుంది కాబట్టి గాలి ఒత్తిడిని భరించవలసిన పని లేదు, అందువల్ల దాన్ని చాలా తేలికగా, చౌకగా చేయవచ్చు. రెండో దశను తిరిగి తెచ్చుకోవడానికి బదులు, పారేసినా పెద్దగా బాధ కలగనంత చిన్నదిగా దాన్ని మార్చడం వారి ఉద్దేశం.